బానెట్ మీద అరచేతంత మబ్బు

పన్నెండింటికి భార్య వస్తుంది. అప్పటికి పెయింటరు రెండు మాటలు తేల్చుకోవాలి. కారు రంగు పాడవకుండా పైన ఏ కోటింగ్ వెయ్యాలో పాలిష్ మేస్త్రీకి చెప్పాలి, అది మొదటిది. బానెట్ మీద ఆ మచ్చ పెట్టింది నీ తమ్ముడు కాదు, నేను, అని భార్యకి చెప్పాలి, అది రెండోది. మొదటిదానికి మూడు దారులున్నాయి, మూడింటినీ ఒక అట్ట మీద రంగుల్లో అచ్చేసి గోడకి తగిలించారు కూడా. రెండోదానికి ఉన్నది ఒకటే దారి, దాని మొదట్లోనే నిలబడి ఎనిమిది నెలలుగా కాళ్లు మార్చుకుంటున్నాడు. ఇప్పుడు గోడ గడియారంలో పదకొండు దాటి నాలుగు నిమిషాలు. ఇంచుమించు గంట ఉంది, గంటంటే తక్కువేం కాదు, గంటలో ఒక తలుపుకి రెండు వైపులా ప్రైమర్ కొట్టెయ్యొచ్చు, కిటికీ ఊచలైతే నాలుగు కిటికీలవి, అనుకుని, ఒక్క మాట చెప్పడానికి గంటెందుకు, అర నిమిషం చాలుగా, అని కూడా తనే అనుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కాస్త కిందికి జారి కూర్చున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఇంత మాట కడుపులో పెట్టుకుని కూడా అతనికి హాయిగానే ఉంది. ముప్ఫై ఏళ్లుగా అతను గోడలకి రంగులేస్తుంటే ఇంటివాళ్లు కుర్చీ వేసుకుని కూర్చుని, అదిగో ఆ మూల అంటలేదు, ఇదిగో ఇక్కడ కారింది, అని వేలు చూపించేవాళ్లు. ఇవాళ ఆ కుర్చీ తనది. అద్దం అవతల పని చేస్తున్నది వేరేవాడు, వొంగుతున్నది వేరేవాడి నడుము. పైన తేనెపట్టు గదుల్లా అమర్చిన ట్యూబులైట్లు, వాటి కింద కాటుక నీలం రంగు కారు, పెళ్లికి ముందు తలంటు పోసుకున్న మనిషిలా చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుస్తూ నిలబడి ఉంది. తలుపు సందులోంచి షాంపూ వాసన, దాని వెనక ఏదో కిరోసిన్‌కి దగ్గర చుట్టం లాంటి వాసన, దాన్ని పీల్చగానే పెయింటరు ఛాతీ దానంతట అదే విచ్చుకుంది. టర్పెంటైన్‌కీ థిన్నర్‌కీ అలవాటుపడ్డ ముక్కు కదా, పూల వాసన కంటే దీనికే త్వరగా లొంగుతుంది. భార్య ఎన్నిసార్లు అందో, మీ చొక్కా ఉతికితే సబ్బు కూడా రంగు వాసనేస్తుందండీ అని. అంటూనే ఆ చొక్కాలన్నీ వేరేగా నానబెట్టి తనే ఉతికేది, ఇరవై నాలుగేళ్లుగా, ఒక్కసారి కూడా ముక్కు మూసుకోకుండా.

ఈ కోటింగ్ బాధ్యత అతని నెత్తిన పెట్టింది కూడా ఆవిడే. రంగుల సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు, మీరే తేల్చండి, మళ్లీ నన్ను అడగొద్దు, అంది. అందరిముందూ అంది, తమ్ముడి ముందు కూడా అంది. కారు నడిపేది ఆవిడ, అతనికి డ్రైవింగ్ రాదు, నేర్చుకుందామని వెళ్లి రెండో రోజే క్లచ్చునీ బ్రేకునీ ఒకేసారి తొక్కి, నేర్పేవాడి చేత దణ్ణం పెట్టించుకుని వచ్చేశాడు. ఆవిడకి కారు లేకపోతే పూట గడవదు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి, సీసాల మీద పేర్లు అంటించి, తొమ్మిదిన్నరకల్లా ల్యాబ్‌లో అప్పజెప్పాలి. మంచం దిగలేని ముసలాళ్లు, సూది చూడగానే వెక్కి ఏడ్చే పిల్లలు, అందరికీ ఆవిడ నీలం కారు తెలుసు. కారు ఆగిన చప్పుడు వినగానే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడట. అలాంటి కారు. ఆ కారు మెరిస్తే ఆవిడ ఎంత నిటారుగా కూర్చుని నడుపుతుందో అతను గేటు దగ్గర నిలబడి చాలాసార్లు చూశాడు.

అందుకని నెల రోజులు తిరిగాడు. మొదట వెళ్లిన చోట నేల మీద కూడా మొహం కనబడుతుంది, టై కట్టుకున్నాయన కాఫీ ఇచ్చి, నమూనాగా పెట్టిన బానెట్ ముక్క మీద పెన్సిల్‌తో గీసి చూపించాడు, చూడండి, గీత పడదు, ఐదేళ్లు ఢోకా లేదు, నీళ్లు నిలవవు, దుమ్ము నిలవదు, కడిగే పనే లేదు. పెయింటరు అంతా విని, మరి మేకుతో గీస్తే, అన్నాడు. టై ఆయన నవ్వేసి ధర చెప్పాడు, అది వినగానే పెయింటరు కాఫీ కప్పు చప్పుడవకుండా కింద పెట్టాడు, దాన్ని కూడా బిల్లులో వేస్తారేమోనని. రెండో చోట ధర చెవికి ఇంపుగానే ఉంది గానీ, చక్రాలు తుడిచిన గుడ్డతోనే అద్దం తుడుస్తున్నారు, అదే గుడ్డతో మొహం కూడా తుడుచుకున్నాడు ఆ మనిషి, అది చూశాక ఇక ధర అడిగి ఏం లాభం. ఇది మూడోది. ఇక్కడ పాలిష్ మేస్త్రీ ముందు ధర మాటే ఎత్తలేదు. చిన్న టార్చి లైటు తీసుకుని కారు చుట్టూ పది నిమిషాలు తిరిగాడు, తలుపుకి దగ్గరగా చెంప ఆనించి పక్కవాటుగా చూశాడు. పెయింటరు కొత్త గోడని అలాగే చూస్తాడు, ఎదురుగా నిలబడితే ఏ గోడైనా అందంగానే ఉంటుంది, పక్కనుంచి దీపం వేస్తేనే దాని గుంటలూ బొడిపెలూ బయటపడేది. వీడు మనవాడే, అనుకున్నాడు అప్పుడే.

గోడ మీద అట్టలో మూడు రకాలు. ఏడాది ఉండేది, మూడేళ్లు ఉండేది, ఐదేళ్లు ఉండేది. ఏడాది రకం చవకే, సీసాతో చల్లి గుడ్డతో తుడిచేస్తారు, కానీ మూడేళ్లలో మూడుసార్లు రావాలి, మూడుసార్లు కలిపి చూస్తే మధ్యదాని కంటే ఎక్కువవుతుంది, పైగా వచ్చిన ప్రతిసారీ రెండేసి రోజులు ఆవిడ బస్సెక్కి రక్తం సీసాలు మోసుకోవాలి. ఐదేళ్లది రెండు పొరలు, బాగుంటుంది, ఎవరు కాదన్నారు, కానీ ఏడాదికోసారి తెచ్చి చూపించకపోతే ఇచ్చిన హామీ చెల్లదని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ముప్ఫై ఏళ్లుగా రంగు డబ్బాల మీద చిన్న అక్షరాలే ముందు చదివే మనిషికి అది కనపడకుండా పోతుందా. కారేమో ఇంకో నాలుగేళ్లు తిరిగితే గొప్ప, నిలబడేది ఎండలో, చెట్టు కింద. గ్యారేజీలో పడుకునే కార్లకి ఐదేళ్లది. మనకి మధ్యదే. ఈ లెక్క అతని తలలో ఎప్పుడో తేలిపోయింది, తేలినదాన్నే మళ్లీ మళ్లీ తిరగేస్తూ కూర్చున్నాడు, ఎందుకంటే దీన్ని వదిలిపెడితే మిగిలేది ఆ రెండో మాట.

అద్దం అవతల మేస్త్రీ ఏదో మందు చల్లాడు, చల్లిన అరనిమిషానికి తలుపుల మీద, చక్రాల చుట్టూ వంగపండు రంగు చారికలు దిగడం మొదలెట్టాయి. అమ్మో, రంగు కరిగిపోతోందనుకుని పెయింటరు సగం లేచాడు, మేస్త్రీ అద్దంలోంచి చూసి చెయ్యి ఊపాడు, కూర్చోండి, ఏం కాదు, అన్నట్టు. తలుపు కాస్త తీసి చెప్పాడు, అది ఇనుప ధూళి అట, బ్రేకుల్లోంచి, రోడ్డు మీంచి వచ్చి రంగులో గుచ్చుకుని ఉండిపోతుందట, కంటికి కనబడదు, చేతికి మాత్రం గరగరలాడుతుంది, మందు పడితే ఇలా ఊదాగా ఏడుస్తుంది. ఎంతకాలంగా ఉందో లోపల. పైకి శుభ్రంగానే ఉండేది, బావమరిది ప్రతి ఆదివారం కడిగి కడిగి అద్దంలా పెట్టేవాడు.

బావమరిది. అటు తిప్పీ ఇటు తిప్పీ అక్కడికే వచ్చి ఆగుతుంది.

ఆ రోజు బావమరిది కారు అడిగి తీసుకెళ్లాడు, అతనిది కళ్లజోళ్ల షాపు, కొత్త అద్దాల బీరువా తెచ్చుకోవాలట, సాయంత్రం తెచ్చి చెట్టు కింద పెట్టి, తాళంచెవులు ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అప్పట్లో అంతే, అక్కా తమ్ముళ్ల మధ్య గొడవేం లేదు, మాటలూ లేవు, ఏడాదికి రెండు మూడుసార్లు కనబడి, బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని విడిపోయేవాళ్లు. పదకొండేళ్లు పెద్ద అక్క, చిన్నప్పుడు వాణ్ణి చంకలో మోసింది, మోసిన చేత్తోనే రెండు తగిలించేది కూడా, పెద్దయ్యాక ఆ రెండూ చెయ్యడానికి లేక ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. సరే, మర్నాడు పొద్దున పెయింటరు పనికి బయల్దేరుతూ చూస్తే బానెట్ మధ్యలో పక్షి రెట్ట, రాత్రంతా ఎండి పెచ్చు కట్టింది. ఆవిడ లోపల సీసాల పెట్టె సర్దుకుంటోంది, చూస్తే ఉదయాన్నే చిరాకు పడుతుంది, పడకముందే తీసేద్దామనుకున్నాడు, ప్రేమగానే అనుకున్నాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఆ జేబులో ఎప్పుడూ ఉండేదే వచ్చింది, వాటర్ పేపరు, తడిపి రుద్దే ఉప్పు కాగితం, నాలుగుగా మడిచిన ముక్క. పక్కనే కొళాయి. తడిపాడు, రుద్దాడు. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి. ముప్ఫై ఏళ్లుగా చేతికి అలవాటైన పని, చెయ్యి అతన్ని అడగలేదు. రెట్ట పోయింది. నీళ్లు ఆరాయి. ఆరాక చూస్తే కాటుక నీలం మీద అరచేతంత మబ్బు, తెల్లగా, మసగ్గా, ఎవరో అక్కడే ఊపిరి వదిలి వెళ్లినట్టు. గోడ మీదైతే అది అసలు తప్పే కాదు, రుద్దాకే కదా రంగు వేసేది, పైన ఇంకో పూత పడుతుంది, అన్నీ కప్పుకుపోతాయి. కారు మీద ఇంకో పూత ఉండదని ఆ నిమిషంలో తట్టింది అతనికి. ముప్ఫై ఏళ్ల పనితనమంతా కట్టగట్టుకుని వచ్చి తన సొంత ఇంటి కారు మీదే కూర్చుంది.

చెబుదామనే తిరిగాడు. నిజం, నోరు తెరిచాడు కూడా. ఆవిడ గడప దాటుతూనే చూసింది, పెట్టె కింద పెట్టింది, వీడు, అంది, వీడే, నిన్న బీరువా తెస్తూ గీకేసి చెప్పకుండా పారిపోయాడు, అందుకేగా కాఫీ కూడా తాగలేదు, అని అప్పటికప్పుడు ఫోన్ చేసి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది వాణ్ణి. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు పెయింటరు, తడి కాగితం పిడికిట్లోనే ఉంది. అవతల వాడు కాదనలేదు, అదీ ఘోరం, ఏమో అక్కా, నాకు తెలియకుండా ఏమైనా తగిలిందేమో, అన్నాడట. కళ్లజోడు అద్దం మీద దుమ్ము కూడా ఊది, తడి చేసి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచే మనిషి, గీత పడుతుందని చేతికి ఉంగరం కూడా పెట్టుకోని మనిషి, వాణ్ణి పట్టుకుని గీకావంటే, గీకానేమో అన్నాడు. సాయంత్రం చెబుదాంలే, కోపం చల్లారాక, అనుకున్నాడు పెయింటరు. సాయంత్రం రేపు అనుకున్నాడు. కలిపిన పుట్టీ ఆ పూటే పట్టించాలి, మర్నాటికి డబ్బాలోనే బిగుసుకుపోతుంది, ఆ సంగతి అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

ఆ ఆదివారం పొద్దున పదింటికి బావమరిది వచ్చాడు. చేతిలో రెండు బకెట్లు, మెత్తటి గుడ్డల కట్ట, కళ్లజోళ్లు తుడిచే నీళ్ల సీసా. ఏం మాట్లాడకుండా కారు కడగడం మొదలెట్టాడు. అక్క మెట్ల మీద నిలబడి చూసింది, మూతి ముడుచుకునే చూసింది, కాసేపటికి, ఒరేయ్, ఆ చక్రం వెనక మిగిలింది, అంది. పై ఆదివారం మళ్లీ వచ్చాడు. ఆ పై ఆదివారం అక్క మెట్ల మీద కూర్చుంది. నెల తిరిగేసరికి రెండు కాఫీలు, తమ్ముడిది బానెట్ మీద పెట్టొద్దని కేకలు, వాడు కింద పెట్టుకుని మర్చిపోతే చల్లారిపోయిందని మళ్లీ కేకలు. మాట్లాడుకోవడం ఎలా వస్తుందో అలాగే వచ్చింది, చేతులకి పనుంటే నోటికి దారి దొరుకుతుంది కాబోలు. వాడు చక్రం ముందు గొంతుక్కూర్చుని, మొహం చక్రానికేసి పెట్టుకుని, షాపు కట్టేశాక పైన గదిలోకి ఒక్కణ్ణే వెళ్లబుద్ధి కాదక్కా, లైటు వెయ్యబుద్ధి కాదు, అని ఒకసారి అన్నాడు. చక్రంతో చెప్పినట్టే చెప్పాడు. అక్క మెట్లు దిగి వెళ్లి పక్కన కూర్చుని ఇంకో గుడ్డ తీసుకుని ఆ చక్రానికే రెండో వైపు తుడిచింది. పెయింటరు కిటికీలోంచి చూశాడు. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు, మళ్లీ ఆ రోజే అతనికి ఎన్నడూ లేనంత నిబ్బరంగా నిద్ర పట్టింది కూడా. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే రోజు ఎలా జరుగుతాయో అతనికి అంతు చిక్కలేదు.

తలుపు తోసుకుని మేస్త్రీ తల లోపలికి పెట్టాడు. "ఒకసారి రండి, చూపించాలి."

లోపల చల్లగా ఉంది. మేస్త్రీ చేతిలో అగ్గిపెట్టె అంత మీటరు, దాన్ని తలుపు మీద ఆనించి చూపించాడు, నూట ఇరవై. కప్పు మీద, నూట పదిహేడు. మైక్రాన్లట, రంగు పొరలన్నీ కలిపి ఒక వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువట. ముప్ఫై ఏళ్లు రంగులేసిన మనిషి ఇంత పల్చటి దాని మీద ఇంత బతుకు నడుస్తోందా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత మేస్త్రీ మీటరు తీసుకెళ్లి ఆ మబ్బు మీద పెట్టాడు. తొంభై ఆరు.

"ఇక్కడ ఎవరో ఉప్పు కాగితం పెట్టారండీ," అన్నాడు టార్చి పక్కనుంచి వేస్తూ. "తగిలిన దెబ్బ కాదిది. చూడండి, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి. పద్ధతి తెలిసినవాడే రుద్దాడు."

ఆ చివరి మాటకి పెయింటరుకి లోపల ఎక్కడో గర్వం లాంటిది ఒకటి తల ఎత్తింది, ఎత్తినందుకు దానికి అక్కడే ఒక్క మొట్టికాయ వేశాడు. "నేనేనండీ," అన్నాడు.

"మీరా? ఏం పని మీది?"

"పెయింటర్ని. గోడలు."

"ఆఁ," అన్నాడు మేస్త్రీ, ఆ ఒక్క అక్షరంతో సంగతంతా తెలిసిపోయినట్టు, తప్పుపట్టినట్టు కూడా కాదు. "మెత్తగా ఒక చుట్టు పాలిష్ పెడతాను, ముప్పావు వంతు పోతుంది. మిగతా పావు కూడా పోవాలని పట్టుబడితే పై పొర అరిగిపోతుంది. నేనైతే వద్దంటాను. మీరు చెప్పండి. కోటింగ్ వేస్తే కింద ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది, మూడేళ్లు."

ఇదే మాట అతను ఎంతమందికి చెప్పాడు. గోడ చెమ్మ తీయకుండా, పెచ్చులు గోకకుండా, పైన ఖరీదైన రంగు వేసెయ్యండి చాలు అనే ఇంటివాళ్లకి, అయ్యా, రంగు దుప్పటి కాదు, కింద ఏముంటే అది పైకి వచ్చి తీరుతుంది, అని చెప్పి, పని పోయినా సరే అని రెండు మూడుసార్లు లేచి వచ్చేశాడు కూడా. "వద్దు, ముప్పావు చాలు," అన్నాడు. "వేసేది మధ్యది." అనేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, మొదటి మాట తేలిపోయిందని. రెండో మాట కూడా ఒకసారి నోటి దాకా వచ్చి బయటపడింది, పడాల్సిన చోట పడలేదు గానీ, పడింది. నేనేనండీ. ఎంత చిన్న మాట. నాలుక మీద బరువే లేదు. పరాయివాడి దగ్గర అంత తేలిగ్గా దొర్లిన మాట ఇంట్లో ఎందుకు అడ్డం తిరుగుతుందో.

పదకొండు నలభై. పాలిష్ మిషను తిరగడం మొదలెట్టింది, తుమ్మెద లాంటి రొద, మేస్త్రీ భుజాలు కదలవు, నడుము కదులుతుంది, అలా పట్టుకుంటే సాయంత్రానికి చేతులు నొప్పెట్టవు, పనివాడే. ఆ రొద వింటుంటే కళ్లు బరువెక్కాయి పెయింటరుకి, కునుకు కాదు, ఆలోచన మెత్తబడింది. భయం దేనికి. ఆవిడ అరుస్తుంది, అరవనీ, ఆవిడ అరుపు వేడి పాల మీద పొంగు లాంటిది, నిప్పు తగ్గిస్తే కూర్చుంటుంది. పోనీ, నిజంగా భయమేనా? మొదట్లో భయమే. తర్వాత తర్వాత, ఆ చక్రం దగ్గర అక్కా తమ్ముడూ ఒకే బకెట్‌లో గుడ్డలు పిండుకోవడం చూశాక, భయం ఎప్పుడో పోయింది, దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది, ఆశ అనాలేమో. చెబితే ఆదివారాలు పోతాయి. చెయ్యని తప్పుకి కడుగుతున్నాడు వాడు, చెయ్యలేదని తెలిశాక ఎందుకు కడుగుతాడు, ఏ మొహంతో అక్క రమ్మంటుంది. పైగా ఇప్పుడీ కోటింగ్. అట్ట మీద ఉందిగా, దుమ్ము నిలవదు, నీళ్లు నిలవవు, టై ఆయన చెప్పనే చెప్పాడు కడిగే పనే లేదని. తనే నెల రోజులు తిరిగి, తనే ఏరి, తనే మధ్యది వెయ్యమని చెప్పి, ఆ ఆదివారాలకి తనే మూత పెట్టించాడా? ఈ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు, తట్టగానే కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. ఒక్క క్షణం లోపలికి వెళ్లి, ఆపండి, వద్దులెండి, ఇలాగే ఉండనివ్వండి, అందామనిపించింది. ఉండనిస్తే? ఇంకో ఏడాది వాడు తలొంచుకుని కడుగుతాడు. కిటికీలోంచి తను చూస్తాడు, సంతోషంగా. ఛీ, అన్నాడు పైకే. వాడి తలవంపు మీద తన సంతోషమా. అది సంతోషం కాదని కాదు, సంతోషమే, మంచి సంతోషమే, కానీ తనది కాదు, వాడి దగ్గర అడక్కుండా తెచ్చుకున్నది.

రొద ఆగింది. ఆగిన రెండు నిమిషాలకే వీధి వైపు తలుపు తెరుచుకుని భార్య వచ్చింది, భుజాన సంచి, బస్సు దిగి గబగబా నడిచినట్టుంది, నుదుటి మీద చెమట, మొహం నిండా కుతూహలం. "తేలిందా?" అంది.

"తేలింది. మధ్యది. మూడేళ్లది."

"నేనూ అదే అనుకున్నా," అంది, ముందే తెలిసినట్టు, అనుకుని ఉండదు గానీ. అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది, వెనకాలే అతను. లైట్ల కింద కాటుక నీలం చూసి నిలబడిపోయింది. బానెట్ మీద ఉత్త గాల్లో అరచెయ్యి ఆడించింది, ముట్టుకోకుండా. "అయ్యబాబోయ్, ఇంత బాగుండేదా ఇది! ఆ మచ్చ కూడా పోయినట్టే. పట్టి చూస్తేగానీ తెలియట్లేదు. బతికిపోయాడు వెధవ."

"వాడు కాదు," అన్నాడు పెయింటరు.

ఆవిడ తిరిగి చూసింది.

"వాడు కాదు, నేను. రెట్ట పడింది ఆ పొద్దున. నువ్వొచ్చేలోపు తీసేద్దామని వాటర్ పేపరు పెట్టి రుద్దాను. చెబుదామనుకునేలోపు నువ్వు వాడికి ఫోన్ చేసేశావు. ఆ తర్వాత చెప్పలేకపోయాను."

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. సంచి దించి నేల మీద పెట్టింది, ఆ మిగిలిన పావు వంతు మబ్బుని వొంగి చూసింది, చాలాసేపు చూసింది. మేస్త్రీ గుడ్డలు మడతపెట్టడంలో మునిగిపోయినట్టు నటించాడు. "మచ్చ పోనీండి," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి, "మచ్చకేముంది. ఎనిమిది నెలలు నా చేత వాణ్ణి తప్పుడు మనిషిని చేయించారు. ఎన్నెన్ని మాటలన్నానండీ వాణ్ణి. మీరు పక్కనే ఉన్నారు."  తప్పయిపోయింది, అన్నాడు. ఇంటికెళ్లాక మీ సంగతి, అంది, కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. రోజంతా గ్లౌజులతో పనిచేసే అలవాటు, ఎప్పుడు మాట్లాడినా స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది.

"చెప్పక్కా," అన్నాడు బావమరిది. వెనకాల అద్దాలు అరగదీసే చిన్న మిషను చప్పుడు.

"ఒరేయ్. బానెట్ మీద మచ్చ నువ్వు చెయ్యలేదురా. మీ బావ చేశారట. ఇప్పుడు చెప్తున్నారు."

మిషను చప్పుడు ఆగిపోయింది.

"నిన్ను ఏవేవో అన్నాను. నువ్వు కాదని ఒక్క మాట అనలేదు. తప్పు నాదిరా," అంది. ఇరవై నాలుగేళ్లలో ఆవిడ నోట ఆ మాట పెయింటరు వినలేదు, వినగానే తల వాల్చేశాడు, ఆ మాట అనాల్సింది తను కదా.

 ఫోన్ కట్ అయిందేమోనని ఆవిడ తెర చూసుకుంది. కట్ కాలేదు. "పోనీలే అక్కా," అన్నాడు వాడు. మళ్లీ ఆగాడు. ఆగి, కొళాయి కట్టేశాక కూడా ఒక్కొక్క చుక్కే పడినట్టు, మెల్లగా అడిగాడు. "అయితే... ఆదివారం నేను రావద్దా?"

ఆవిడ పెయింటరు వైపు చూసింది, ఆ చూపులో కోపం ఎక్కడికి పోయిందో అతనికి తెలియలేదు, బేలగా చూసింది, ఏం చెప్పమంటారండీ అన్నట్టు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, ఫోన్ అలాగే పట్టుకుని, అందరికీ వినపడేలా అడిగింది. "ఏవండీ, ఈ కోటింగ్ వేశాక కారు కడగాలా, అక్కర్లేదా?"

పెయింటరు ఒక అడుగు ముందుకేశాడు. ఇన్ని ప్రశ్నలు అడిగి, ఈ ఒక్కటీ ఇక్కడ అడగలేదు అతను.

"అయ్యో, కడగకపోతే ఎలాగమ్మా," అన్నాడు మేస్త్రీ, మడత పెట్టిన గుడ్డ మళ్లీ విప్పుతూ. "కడగక్కర్లేదని ఎవరన్నా చెబితే నమ్మకండి. నీళ్లు జారతాయి గానీ దుమ్ము పడదా? వారానికోసారి కడగాల్సిందే. మూడేళ్లూ."

"విన్నావా," అంది ఆవిడ ఫోన్‌లోకి. గొంతు సవరించుకుంది. "వారం వారం కడగాలటరా. పెందరాళే వచ్చెయ్యి. నువ్వు మెట్ల మీద కూర్చుందువు గాని, మీ బావ కడుగుతారు."